పట్టును విడుపును

సాయంకాలము పశువులు ఇల్లు చేరిన పిమ్మట రైతు పలుపును గుంజకు కట్టు తీరును కొంచెము నిలిచి గమనించినచో అందొక చక్కని శిల్పము కానవచ్చును. పశువు ఎంత గింజుకొన్నను, ఎంత బలముగా వెనుకకు లాగినను ఆ ముడి మరింత బిగియునే కాని వదులు కాదు. అయినను తెల్లవారుజామున అదే రైతు కన్నులు నులుముకొనుచు వచ్చి, వ్రేలాడు కొసను ఒక్కసారి లాగినంతనే అది జారి విడిపోవును. దీనిని మనవారు జారుముడి యందురు. పీటముడి దీనికి ప్రతిపక్షము. అదియు గట్టిగనే పట్టును గాని, విప్పవలసివచ్చిన నాడు గోళ్లు విరుగును, పండ్లు కదలును, తుదకు త్రాటినే కోయవలసివచ్చును. పట్టునందు రెండును సమానములే. వాని తారతమ్యము తెలియునది విప్పునాడే.

మనుష్యుని తుంటిలోను మోకాటిలోను అమర్చు కృత్రిమ సంధుల కథయు ఈ రెండు ముళ్ల కథయే. అరిగిపోయిన కీలును తీసివైచి, దాని స్థానమున లోహపు కీలును ఎముకలో నాటునపుడు వైద్యుడు కోరునది, అది ఇరువది ముప్పది సంవత్సరములు ఇసుమంతయు కదలక నిలువవలెనని. అయితే ఏనాడో ఒకనాడు దానిని వెలికి తీయవలసిన అగత్యము కలిగినచో, అది చుట్టునున్న ఎముకను పెల్లగించుకొని రాక, సుఖముగా విడివడి రావలెను. నిలిచినన్నాళ్లు ఉడుము పట్టు పట్టవలెను. వదలుమన్న క్షణమున వదలవలెను. పరస్పర విరుద్ధములుగా తోచు ఈ రెండు కోరికలను ఒక్క వస్తువునందు ఇముడ్చుట ఎట్లు?

ఈ ప్రశ్నకు సమాధానము వెదకువాడు వైద్యకళాశాలకు పోవుటకు ముందు కర్దనూర్ దారి పట్టుట మంచిది. పటాన్‌చెరు మండలములోని ఈ గ్రామము క్షిపణులను తయారుచేయు భారత్ డైనమిక్స్ కర్మాగారముండు భానూర్‌కు పొరుగున ఉన్నది. రామచంద్రాపురములో బి.హెచ్.ఇ.ఎల్. వెలసిన నాటి నుండి, తరువాత పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము పారిశ్రామికవాడలు ఒకదాని వెంట ఒకటి పుట్టిన కాలము వరకును, ఈ ప్రాంతపు జొన్నచేల నడుమ యంత్రముల చప్పుడు వ్యాపించుచునే వచ్చినది. పెద్ద కర్మాగారముల నీడలో చిన్న చిన్న లేత్ షాపులు మొలిచినవి. రేకుల కప్పు, నూనె మరకల నేల, గోడకు వ్రేలాడు కొలతల పనిముట్లు, మూలను చుట్టలు చుట్టలుగా కుప్పపడిన ఇనుప తరుగు: ఇదియే వాని వైభవము. కాని మన ప్రశ్నకు సగము జవాబు అక్కడనే దొరకును.

అట్టి షాపులో డ్రిల్లింగు యంత్రము చెంత ఒక పది నిమిషములు నిలువుడు. పెద్ద డ్రిల్లు బిట్టు వెనుకభాగము నిలువు కడ్డీవలె సమముగా నుండక, కొనకు పోనుపోను సన్నబడుచుండును. దీనిని పనివారు టేపర్ అందురు. యంత్రపు ఇరుసులోని రంధ్రమును అదే వాలుతో సన్నబడుచుండును. పనివాడు గుడ్డతో రెంటిని శుభ్రముగా తుడిచి, బిట్టును పైకి ఎత్తి ఒక్క పోటుతో లోనికి దూర్చును. మర లేదు, బోల్టు లేదు, బంక లేదు. అయినను ఆ బిట్టు ఇనుపదిమ్మెను తొలుచునంతటి ఒత్తిడికిని తిరుగుడుకును చలింపక నిలుచును. పని ముగిసిన పిమ్మట అతడు ఇరుసు ప్రక్కనున్న సన్నని గాడిలోనికి డ్రిఫ్ట్ అను చదునైన చీలను దూర్చి, సుత్తితో ఒక్క తట్టు తట్టును. బిట్టు టక్కున ఊడి అతని అరచేతిలో పడును. 1860వ దశకమున స్టీఫెన్ మోర్స్ అను అమెరికా దేశీయుడు ప్రచారములోనికి తెచ్చిన ఈ టేపర్ నేటికిని ఆయన పేరుతోనే చెల్లుచున్నది.

ఇందలి రహస్యము కోణమునందున్నది. మోర్స్ టేపర్ మొత్తపు వాలు సుమారు మూడు డిగ్రీలు మాత్రమే. అంత స్వల్పమైన వాలుగల శంకువును లోనికి నెట్టినపుడు, నెట్టిన బలము చుట్టుగోడలపై ఎన్నో రెట్లు పెరిగిన ఒత్తిడిగా మారును. ఆ ఒత్తిడి వలన పుట్టు ఘర్షణయే దానిని పట్టి యుంచును. మరింత నెట్టినచో మరింత బిగియును. తీయునపుడు మాత్రము శంకువు వెంట్రుకవాసి వెనుకకు జరిగినను చాలును, దాని ఉపరితలమంతయు ఏకకాలమున గోడను విడిచిపెట్టును. సమానమైన లావుగల కడ్డీని బిగువుగా దిగగొట్టినచో ఈ సౌఖ్యము లేదు. అది తన నిడివి పొడుగునను గీసికొనుచు, రాచుకొనుచు రావలసినదే. బండి ఇరుసు కొనన దిగగొట్టు చీలను సన్నబడునట్లు చెక్కిన మన వడ్రంగికి ఈ సూత్రము ఏనాడో తెలియును.

ఇక శరీరములోనికి వత్తము. తుంటి కీలనగా ఒక గిన్నెయు, అందు తిరుగు బంతియు. కృత్రిమమైన తుంటిలో కటి యెముకయందు లోహపు గిన్నెను, దానిలో నునుపైన ప్లాస్టిక్కు లేక పింగాణి పొరను, తొడయెముక బోలులోనికి దిగు పొడవైన లోహపు కాడను, ఆ కాడ కొనపై బంతిని అమర్చెదరు. నడచునపుడు తుంటిపై పడు భారము శరీరపు బరువునకు రెండున్నర మూడు రెట్లుండును. అనగా 60 కిలోల మనిషి అడుగు తీసి అడుగు వేయునపుడెల్ల 150 నుండి 180 కిలోల భారమును ఆ కాడ మోయవలెను. కాలు తొట్రుపడినచో ఇది ఏడెనిమిది రెట్లకు పెరుగును. ఇట్టి అడుగులు ఏటికి సుమారు పది లక్షలు. పైగా మనదేశీయులు కుర్చీలతో తృప్తిపడువారు కారు. బాసింపట్టు వేసికొని భోజనమునకు కూర్చుందురు, గొంతుకూర్చుని పనులు చేయుదురు. ఇన్నిటిని ఓర్చి నిలువవలసిన వస్తువునకు పట్టు ముఖ్యమనుటలో సందేహమేమి?

మరి తీయవలసిన అవసరమేల కలుగును? కారణములు పెక్కులు. అన్నిటికంటె క్రూరమైనది చీము పట్టుట. లోహముపై చేరిన సూక్ష్మజీవులు తమచుట్టు జిగురుపొరను అల్లుకొని అందు దాగికొనును. మందులు అచ్చటికి చేరవు. అట్టి సమయమున పెక్కుమారులు లోహమును తీసివేయక గత్యంతరముండదు. ప్లాస్టిక్కు పొర అరిగి రాలిన నలుసులను శరీరము శత్రువులుగా భావించి పోరాడుచు, ఆ పోరాటములో తన ఎముకనే తాను తినివేసికొనును. అప్పుడు కీలు వదులగును. పడిపోయి కీలు చుట్టునున్న ఎముక విరుగవచ్చును. బంతి గిన్నెనుండి పదే పదే తప్పిపోవచ్చును. 2019లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వెలువడిన పరిశీలన ప్రకారము, అమర్చిన తుంటి కీళ్లలో 25 సంవత్సరములు నిలుచునవి నూటికి 58, మోకాళ్లలో 82. డెబ్బది యేండ్ల వృద్ధునకు ఈ లెక్క చాలును. కాని తొడయెముక తలకు రక్తప్రసారము ఆగిపోయి నలుబదియేండ్లకే తుంటి మార్పించుకొనువారు మనదేశమున తక్కువవారు కారు. వారు తమ జీవితకాలమున మరియొకసారి శస్త్రచికిత్స బల్లపై పరుండవలసి వచ్చు అవకాశము ఎక్కువ.

ఈ విద్యకు ఆదిగురువువంటివాడు ఆంగ్లదేశపు రైటింగ్టన్ ఆసుపత్రిలో పనిచేసిన జాన్ చార్న్‌లీ. ఆయన మొదట గిన్నెకు టెఫ్లాన్ అను నునుపైన పదార్థమును వాడెను. దోసె అంటుకొనకుండ పెనమునకు పూయు పదార్థము అదియే. సుమారు మూడువందలమందికి అమర్చిన పిమ్మట, రెండు మూడేండ్లలోనే అది అరిగి ముద్దగట్టి కీళ్లను పాడుచేయుట ఆయన కంటబడినది. ఆ పదార్థపు నలుసులను తన తొడలోనే చేర్చుకొని శరీరము దానికెట్లు ప్రతిక్రియ చూపునో పరీక్షించుకొన్న ధీరుడాయన. 1962లో టెఫ్లాన్‌ను విడిచి మిక్కిలి చిక్కని పాలిథీన్‌ను చేపట్టెను. నేటికిని ప్రపంచమందు అదే వాడుకలో నున్నది. కాని తాను అమర్చినవానిని తానే తీయవలసివచ్చిన ఆ సంవత్సరములు, కృత్రిమ సంధి శాశ్వతమను భ్రమను ఆదిలోనే తొలగించినవి.

కాడను ఎముకలో నిలుపుటకు చార్న్‌లీ వాడినది యాక్రిలిక్ సిమెంటు. పొడిని ద్రవముతో కలిపిన అది చపాతి పిండివలె ముద్దయై, పది పన్నెండు నిమిషములలో గట్టిపడును. ఇది బంక యని చాలమంది అనుకొందురు; అది పొరపాటు. నేలపై పరచిన బండల సందులలోనికి మేస్త్రి పోయు గ్రౌటువంటిది ఇది. ఎముకలోని సూక్ష్మరంధ్రములలోనికి చొరబడి, కాడకును ఎముకకును నడుమనున్న ఖాళీనంతను నింపి, భారమును సమముగా పంచును. అంతకుమించి అంటించు గుణము దీనికి లేదు.

ఇంకొకరు వేరొక మార్గమును కనుగొనిరి, అదియు అనుకొనకుండ. 1952 ప్రాంతమున స్వీడన్ దేశపు లుండ్ నగరములో పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ అను శాస్త్రజ్ఞుడు కుందేళ్ల ఎముకలలో రక్తప్రసారమును పరిశీలించుటకై టైటానియముతో చేసిన చిన్న గూళ్లను అమర్చెను. ప్రయోగము ముగిసిన పిమ్మట ఆ ఖరీదైన గూళ్లను తీసి మరల వాడుకొందమన్నచో అవి ఊడిరావయ్యెను. ఎముక లోహమును పరాయిదిగా తలపక, దానితో నేరుగా కలిసి పెరిగి ఏకమైపోయినది. నేటి దంతవైద్యులు దవడయందు నాటు టైటానియము మరలకును, సిమెంటు లేకుండ అమర్చు తుంటికీళ్లకును మూలము ఈ ఊడిరాని గూడే. చిత్రమేమనగా, ఊడిరాకుండుట అను చిక్కునుండి పుట్టిన ఈ మహోపకారము, నేడు ఊడదీయవలసి వచ్చినపుడు మరల చిక్కుగనే ఎదురగుచున్నది.

సిమెంటు లేని కీళ్లకు బయట గరుకైన, రంధ్రములు గల పూత ఉండును. ఆ రంధ్రములు మిల్లీమీటరులో పదవ వంతునుండి నాలుగు పదవ వంతుల వరకు ఉన్నచో ఎముక వానిలోనికి పెరిగి వేళ్లు తన్నును. దానికొక నియమమున్నది: తొలి వారములలో కీలు కదలరాదు. కదలిక 50 మైక్రానులలోపు, అనగా తలవెండ్రుక మందమునకు లోబడి ఉన్నచో ఎముక పుట్టును. 150 మైక్రానులు దాటినచో ఎముకకు మారుగా మెత్తని నారపొర ఏర్పడును, పట్టు దొరకదు. కావుననే కాడకంటె బోలును కొంచెము ఇరుకుగా తొలిచి, కాడను బిగువుగా దిగగొట్టెదరు. తొలుత పట్టునది బిగువు. పిదప పట్టునది ఎముక.

ఒక కాలమున తయారీదారులు పట్టు పెంచవలెనన్న ఉత్సాహముతో కాడను అడుగునుండి కొనవరకు ఈ గరుకుపూతతో నింపిరి. అట్టి కాడలు చక్కగా నిలిచినవి. కాని వాని అడుగుభాగమే భారమంతయు మోయుచుండుటవలన పైభాగపు ఎముకకు పనిలేక అది పలుచబడసాగినది. పనిచేయని ఎముక క్షీణించుననుట జూలియస్ వోల్ఫ్ అను జర్మను వైద్యుడు 1892లోనే చెప్పిన సత్యము. ఇక చీము పట్టి తీయవలసివచ్చినచో, జానెడు పొడవున ఎముకతో ఏకమైన లోహమును వేరుచేయుటకు తొడయెముక ప్రక్కను కిటికీ తలుపువలె కోసి తెరచి, పని ముగిసిన పిమ్మట తీగెలతో కట్టి మూయవలసివచ్చుచున్నది. పీటముడి యనగా ఇదియే.

జారుముడి వేసినవారు లేకపోలేదు. ఆంగ్లదేశమున ఎక్సెటర్ నగరములో రాబిన్ లింగ్ అను శస్త్రవైద్యుడును క్లైవ్ లీ అను ఇంజనీరును కలిసి 1970లో ఒక కాడను రూపొందించిరి. అది అద్దమువలె మెరుగుపెట్టినది. క్రిందికి పోనుపోను సన్నబడునది. దాని చుట్టును సిమెంటు. నునుపైన కాడ సిమెంటులో ఎట్లు నిలుచునని అందరును శంకించిరి. అది నిలిచినది, నిలుచుటయేకాక, మనిషి నడచినకొలది మిల్లీమీటరో రెండు మిల్లీమీటరులో లోనికి దిగి, చీలవలె మరింత బిగిసినది.

1976లో ఆ కాడను మెరుగు మాని, మసకగా, సన్నని గరుకుతో చేయసాగిరి. ఆకారము మారలేదు, కొలతలు మారలేదు. మారినది పైమెరుగు ఒక్కటే. గరుకైనది మరింత గట్టిగా పట్టుననియే ఎవరైనను అనుకొందురు. జరిగినది విపరీతము. గరుకు కాడ స్వేచ్ఛగా దిగి బిగియలేక, సూక్ష్మముగా కదలినపుడెల్ల సిమెంటును ఆకురాయివలె గీకి పొడిచేసెను. వదులైన కీళ్ల సంఖ్య పెరిగెను. పదేండ్ల అనుభవము పిమ్మట, 1986లో మరల అద్దపు మెరుగునకే తిరిగివచ్చిరి. నేడును ప్రపంచమున విరివిగా వాడబడు సిమెంటు కాడలలో ఇది ఒకటి.

ఈ కథలో మన ప్రశ్నకు సూటియైన సమాధానమున్నది. మెరుగుపెట్టిన ఆ కాడను తీయవలసివచ్చినపుడు, కాడ పైభాగపు భుజముపై పేరుకొన్న సిమెంటును తొలగించి, క్రిందినుండి పైకి కొన్ని దెబ్బలు తట్టినచో చాలును. డ్రిల్లు బిట్టు ఇరుసునుండి ఊడినట్లు అది తన సిమెంటు ఒరలోనుండి ఊడివచ్చును. ఒర చెక్కుచెదరక నిలిచియున్నచో దానిని తవ్వివేయ నక్కరలేదు. అందే కొంచెము క్రొత్త సిమెంటు పోసి క్రొత్త కాడను దింపవచ్చును. ఎముకకు గాయము లేదు. ఏ గుణము దానిని గట్టిగా పట్టించినదో, ఆ గుణమే దానిని సులువుగా విడిపించినది. పట్టును విడుపును శత్రువులనుకొనుట మన పొరపాటు. ఆకారమును ఎరిగి చెక్కినచో అవి కవలపిల్లలు.

విడుపును ముందుగా తలచినవారి చిహ్నములు పాత పరికరములలోను కానవచ్చును. తొడయెముక విరిగినపుడు బోలులో దింపు లోహపు కడ్డీని 1939లో జర్మనీ దేశపు కీల్ నగరమున ప్రవేశపెట్టిన గెర్హార్డ్ కుంట్‌షర్, దాని కొనయందు సూదిబెజ్జమువంటి ఒక కన్నును ఉంచెను. ఎముక అతికిన పిమ్మట కొక్కెమును అందు తగిలించి లాగుటకు. మనవారు "రాడ్ తీయించుకొన్నాను" అని సులువుగా చెప్పుకొనగలుగుట ఆ చిన్న కన్ను చలువయే. నేటి కడ్డీల కొనలోపల మరచుట్లు ఉండును. ఆ చుట్లలోనికి ఎముక పెరిగి పూడ్చివేయకుండ పైన చిన్న మూతను బిగించెదరు. గింజంత మూత, కాని అది లేనిచో రెండేండ్ల పిమ్మట తీయువాని కష్టము చెప్పనలవి కాదు. వృద్ధుల తుంటి విరిగినపుడు మన ఆసుపత్రులలో ఎన్నో దశాబ్దములుగా వాడబడుచున్న ఆస్టిన్ మూర్ కీలును చూడుడు: దాని కాడలో రెండు కిటికీలుండును, వానిగుండ ఎముక పెరిగి తాళము వేసినట్లు పట్టును. పట్టు బాగుగనే ఉండును. కాని తీయునపుడు ఆ కిటికీలలోని ఎముకను తెంపవలసినదే. అయినను దాని భుజమునందొక చిన్న రంధ్రమును ఉంచుట రూపకర్త మరువలేదు. అది కొక్కెము తగిలించుటకు.

లేత్ షాపులో చూచిన టేపర్ నేడు దాదాపు ప్రతి కృత్రిమ తుంటిలోను ఉన్నది. కాడ కొనయు బంతి రంధ్రమును ఒకే వాలుతో సన్నబడును. వైద్యుడు ఆ కొనను పొడిగుడ్డతో తుడిచి, బంతిని దానిపై కొంచెము మెలిత్రిప్పి ఉంచి, ప్లాస్టిక్కు మొనగల దిమ్మెతో ఒక్క గట్టి దెబ్బ వేయును. అంతే, అది అతుకు. పటాన్‌చెరు పనివాడు గుడ్డతో తుడిచి దూర్చిన తీరును, ఈ తీరును ఒక్కటే. ఇద్దరికిని తెలుసు, నడుమ ఒక నూనెచుక్కయో రక్తపుబొట్టో మిగిలినచో పట్టు చెడునని. దీనివలన, లోపలి ప్లాస్టిక్కు పొర అరిగిననాడు కాడను కదల్చకయే బంతిని ఊడదీసి, పొరను మార్చి, క్రొత్త బంతిని తొడుగవచ్చును. ఇల్లు పడగొట్టక తలుపు మార్చుకొన్నట్లు.

అయితే ప్రతి అతుకును ఒక అపాయద్వారమే. రెండు లోహములు కలియుచోట ఉప్పునీటివంటి శరీరద్రవము చేరి, కదలికయు తోడైనచో త్రుప్పు పుట్టును. లోహపు బంతి లోహపు గిన్నెలో తిరుగునపుడు కోబాల్టు, క్రోమియము నలుసులు రక్తములో కలియును. డిప్యూ కంపెనీవారి ఏ.ఎస్.ఆర్. అను లోహ-లోహ తుంటికీలును 2010 ఆగస్టులో ప్రపంచమంతటను విపణినుండి ఉపసంహరింపవలసి వచ్చుటకు ఇట్టి నలుసులే కారణము. మనదేశములోను వేలకొలది రోగులు దానిని ధరించినవారే. 2018లో కేంద్రప్రభుత్వము వారికి నష్టపరిహారపు సూత్రమును ప్రకటించినది. తీయవలసిన అవసరము ఎవరో ఒక దురదృష్టవంతునికే కాక, ఒక్కమారుగా వేలమందికి కలుగవచ్చునని ఆ ఉదంతము నేర్పినది.

శస్త్రశాలలో తీయు పనిని దగ్గరగా చూచినచో రూపకల్పనలోని ప్రతి చిన్న నిర్ణయమునకును ఎంత విలువయో అర్థమగును. వైద్యుడు తాటాకంత పలుచని, వంగు స్వభావముగల ఉలులను కాడకును ఎముకకును నడుమ దూర్చి, చుట్టును మెల్లగా విడదీయును. మన ఇండ్లలో ఇడ్లీ రేకునుండి ఇడ్లీని తీయు ఇల్లాలు చెంచాను అంచు వెంట త్రిప్పినట్లే ఇదియు; తొందరపడి కుమ్మినచో సగము ఇడ్లీ రేకునకే మిగులును, ఇచ్చట సగము ఎముక లోహముతో వచ్చివేయును. గిన్నెను తీయుటకు వేరొక పనిముట్టు కలదు: గిన్నె మధ్యలో ఊతను నిలిపి, గిన్నె వంపునకు సరిగా సరిపోవు వంకరకత్తిని చుట్టును త్రిప్పెదరు, కొబ్బరిచిప్పనుండి కొబ్బరిని గుండ్రముగా ఒలిచినట్లు గిన్నె వెలుపలి అంచున ఎముక విడివడును. చీము పట్టిన కీళ్లలో తీసిన వెంటనే క్రొత్తది పెట్టక, మందు కలిపిన సిమెంటు దిమ్మెను కొన్ని వారములు తాత్కాలికముగా ఉంచి, వ్యాధి శమించిన పిమ్మట క్రొత్త కీలును నాటుట తరచు అనుసరింపబడు పద్ధతి.

ఇడ్లీ తీయు ఆ ఇల్లాలే పిండి పోయుటకు ముందు రేకునకు నూనె రాయును గదా! తీయునాటి సుఖమును పోయునాడే సమకూర్చుకొనుట యనగా ఇది. కీళ్ల రూపకర్తలు ఈ పాఠమును క్రమముగా నేర్చుకొనుచున్నారు. గరుకుపూతను కాడ పైమూడవ వంతునకే పరిమితముచేసి క్రిందిభాగమును నునుపుగా విడిచిపెట్టినచో, ఎముక పట్టు ఉలికి అందుచోటనే ఉండును. పైభాగపు ఎముకకు పనియు దొరకును. కాడను పొట్టిగా చేసినచో తీయవలసిన నిడివి తగ్గును. భుజమునందు మరచుట్ల రంధ్రమును ఉంచినచో లాగు పరికరము సూటిగా తగులును. మోకాటికీలులో క్రిందియెముకపై కూర్చుండు పళ్లెమునకు వెడల్పాటి రెక్కకు బదులు విడివిడి మేకులను ఇచ్చినచో, సన్నని రంపముతో పళ్లెము క్రింద కోసి, మేకులను తరువాత ఒక్కొక్కటిగా తొలిచి తీయవచ్చును. ఇవన్నియు గీతలదశలో తీసికొనవలసిన నిర్ణయములు. లోహము పోతపోసిన పిమ్మట ఎవరును దిద్దజాలరు.

దీనికి డబ్బుతోను సంబంధమున్నది. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ మోకాటికీళ్ల గరిష్ఠ ధరలను నిర్ణయించినపుడు, సామాన్యముగా వాడు కోబాల్టు-క్రోమియము కీలునకు పన్నులు కాక 54,720 రూపాయలును, రెండవసారి అమర్చు కీలునకు 1,13,950 రూపాయలును విధించినది. ఇనుమడికి మించిన ఈ ధర వస్తువు ఒక్కదానిదే; రెండవ శస్త్రచికిత్స పొడవైనది, రక్తము ఎక్కువగా పోవునది, కోలుకొనుట ఆలస్యమగునది. మొదటి కీలు ఎముకను ఎంత మిగిల్చి వెడలిపోవునో దానిపైననే రెండవదాని భాగ్యమంతయు ఆధారపడియుండును.

ఈ విద్యలో మనవారి పాత్ర యేమి? హైదరాబాదు కంచన్‌బాగ్‌లో 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమ్, క్షిపణులకును విమానములకును కావలసిన టైటానియము మిశ్రలోహములను చేయుటయేకాక, శరీరములో అమర్చు పరికరములను గూడ తయారుచేయుచున్నది. అగ్ని క్షిపణికై తేలికైన మిశ్రపదార్థమును రూపొందించిన అబ్దుల్ కలామ్ గారి ప్రయోగశాలకు నిమ్స్ ఆసుపత్రినుండి ఒక ఎముకల వైద్యుడు వచ్చి, ఆ పదార్థమును చేతబట్టి చూచి, కలామ్ గారిని తన రోగులయొద్దకు తోడ్కొనిపోయెను. కాళ్లకు కట్టిన మూడేసి కిలోల ఇనుప క్యాలిపర్లను ఈడ్చుకొనుచు నడచు పిల్లలను చూచిన ఆయన, కొద్ది వారములలో 300 గ్రాముల క్యాలిపర్లను చేయించి ఇచ్చెను. క్షిపణికిని కుంటికాలికిని నడుమ ఎంత దూరమున్నదో ఆ ఉదంతము చెప్పును. భానూర్ నుండి సుల్తాన్‌పూర్‌కు ఉన్నంత. ఆ సుల్తాన్‌పూర్‌లోనే, ఈ సంగారెడ్డి జిల్లాలోనే, సుమారు 250 ఎకరములలో 2017లో వైద్యపరికరముల పార్కునకు శంకుస్థాపన జరిగినది. గుండెనాళములలో అమర్చు స్టెంట్ల పరిశ్రమ అచ్చటికి వచ్చినది. కందిలో ఐ.ఐ.టి. ఉన్నది. లోహమెరిగినవారు, లెక్క తెలిసినవారు, శస్త్రము పట్టువారు, నూరవ వంతు మిల్లీమీటరును వ్రేలికొసతో కనిపెట్టు లేత్ పనివారు, అందరును ఒక గంట ప్రయాణములో ఉన్న ప్రాంతములు దేశమున ఎన్ని?

అట్టి చోట పుట్టు కృత్రిమ సంధిని పరీక్షించునపుడు, ఇది ఎంత భారమునకు నిలిచినది, ఎన్ని లక్షల అడుగులకు అరిగినది అని అడుగుట పరిపాటి. ఆ జాబితాలో మరియొక ప్రశ్నను చేర్చవలెనని నా మనవి: దీనిని తీయుటకు ఎంత సమయము పట్టినది, ఎంత ఎముక పోయినది? ఈ ప్రశ్న వేయగలవారు ఇంజనీర్లు మాత్రమే కారు. రేపు తీయబోవు వైద్యుని, నేడు డ్రిఫ్ట్ పట్టి తట్టుచున్న పనివానిని గీతల బల్ల చెంతకు పిలిచి కూర్చుండబెట్టినచో సగము దోషములు కాగితముమీదనే తొలగిపోవును.

చివరగా, కీలు మార్పించుకొన్న పాఠకులకును, వారి బిడ్డలకును ఒక మాట. శరీరములో అమర్చిన ప్రతి భాగపు పెట్టెలోను దాని తయారీదారుని పేరు, కొలత, లాట్ నంబరు ముద్రించిన చిన్న స్టిక్కర్లు ఉండును. ఆసుపత్రివారు వానిని కేసుషీటులో అంటించెదరు. ఇంటికి వచ్చునపుడు ఆ పుట నకలును అడిగి తెచ్చుకొనుడు. పదునైదేండ్ల పిమ్మట వేరొక ఊరిలో వేరొక వైద్యుడు ఆ కీలును తెరువవలసివచ్చినచో, అందలి టేపర్ ఏది, ఏ కొక్కెము దానికి సరిపడును, ఏ కొలత బంతి కావలెను అనుట ఆ చీటీ చూచియే తెలియును. అది లేనిచో ఎముకను గెలికి తెలిసికొనవలసివచ్చును. ఇంటి పట్టాను, ఆధార్ కార్డును దాచుకొన్న సంచిలోనే దానినిగూడ దాచుకొనుడు.